ఏడవసారి మునిగేదాకా
అమ్రాబాద్ పీఠభూమిలో క్షయ చికిత్స, మన సంఘాల బాధ్యత

మన దేశంలో క్షయను 2025 నాటికి అంతం చేస్తామని కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న గడువు దాటిపోయింది. క్షయ అంతం కాలేదు. తగ్గిన మాట నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2015లో ప్రతి లక్ష మందిలో 237 మందికి కొత్తగా ఈ జబ్బు సోకగా, 2024 నాటికి ఆ సంఖ్య 187కు దిగింది. అయినా ప్రపంచంలోని ప్రతి నలుగురు క్షయ రోగులలో ఒకరు మన దేశంవారే. మార్చి 24న ప్రపంచ క్షయ దినం వస్తుంది. 1882లో అదే రోజున రాబర్ట్ కాక్ ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని కనుగొన్నట్టు ప్రకటించాడు. ఆ దినం తరచుగా మన శ్రమకాలపు ఉపవాస ప్రార్థనల మధ్యలోనే వస్తుంది. కాబట్టి ఈ మాట సంఘంలో మాట్లాడుకోవడానికి ఇది తగిన సమయమని మేము తలుస్తున్నాము.

క్షయకు మందు లేక మనుషులు చనిపోతున్న కాలం కాదిది. మందు ఉంది, అదీ ఉచితంగా. గల్ల పరీక్ష ఉచితం, గోలీలు ఉచితం, పోషణ కోసం నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయాన్ని 2024 నవంబరు నుండి 1000 రూపాయలు చేశారు. ఇన్ని ఉన్నా మందు మొదలుపెట్టినవారిలో కొందరు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? వైద్యుడు చెప్పిన మాట మనిషి చెవిన పడి, మనసుకెక్కి, ఆరు నెలలపాటు చేతల్లో నిలబడడానికి ఏమి కావాలి? అందులో సంఘం పాలు ఎంత? ఈ ప్రశ్నలను నల్లమల అంచున ఉన్న అమ్రాబాద్‌లో నిలబడి అడగాలనుకుంటున్నాము.

కొండమీది పల్లెలు, పెంటలు

నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి అంటే బయటివారికి పులుల అభయారణ్యం, శ్రీశైలం దారి. అక్కడ పుట్టి పెరిగినవారికి అది పల్లెలు, తండాలు, అడవి లోపలి చెంచు పెంటలు. చెంచులను ప్రభుత్వం ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహాలలో ఒకటిగా గుర్తించింది. వారి కోసం మన్ననూరులో ఐటీడీఏ కార్యాలయం ఉంది. తేనె తీయడానికి, జిగురు ఏరడానికి లోపలికి వెళ్లిన కుటుంబం కొన్నాళ్లు పెంటకు తిరిగి రాకపోవచ్చు. మైదానంలోని పల్లెలది మరో కథ. పాలమూరు వలస గురించి మన పాఠకులకు వివరించనక్కరలేదు. ముంబయి, పుణే, హైదరాబాదులలో మట్టి మోసి, గోడలు కట్టి, పండుగకో పెళ్లికో ఇల్లు చేరే కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి.

ఈ ప్రాంతంలో సువార్తా వైద్యమూ చేయీ చేయీ పట్టుకునే వచ్చాయి. మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘం పంపిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో మన దేశానికి వచ్చి, నాగర్‌కర్నూల్‌లోను ఆ తరువాత షంషాబాద్‌లోను రోగులకు సేవ చేసి, 1945లో ఈ నేలమీదే కన్నుమూసింది. 1950లలో జడ్చర్లలో ఎం.బి. ఆసుపత్రి వెలిసింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో అనేక మిషన్లు కలిసి 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రి దక్షిణ భారతంలో ఎందరికో ప్రాణం పోసింది. మన పెద్దలు ప్రార్థన చేసి మందు ఇచ్చారు, మందు ఇచ్చి ప్రార్థన చేశారు. ఆ రెంటికీ పోటీ ఉందని వారు అనుకోలేదు. ఈ పోటీ తరువాత మనం తెచ్చిపెట్టుకున్నది.

ఆరు నెలలు ఎందుకు?

మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన గోలీలు: ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. ఎన్ని గోలీలు అన్నది మనిషి బరువును బట్టి నిర్ణయిస్తారు. ప్రతిరోజూ వేసుకోవాలి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. అప్పటికి చురుకుగా పెరుగుతున్న సూక్ష్మజీవులలో చాలావరకు చచ్చిపోయి ఉంటాయి. కానీ కొన్ని ఊపిరితిత్తులలో నిద్రపోతున్నట్టు మెల్లగా బతుకుతూ దాక్కుని ఉంటాయి. మిగతా నెలల మందు వాటికోసమే. శరీరం బాగయిందని చెబుతున్నప్పుడే మందు ఇంకా పని చేయవలసి ఉంటుంది. అక్కడ మానేస్తే దాక్కున్నవి మళ్లీ లేస్తాయి. మందు కొన్నాళ్లు వేసుకుని, కొన్నాళ్లు ఆపి, మళ్లీ వేసుకుంటూ పోతే మందులకు లొంగని క్షయ పుట్టే ప్రమాదం ఉంది. దాని చికిత్స కష్టం. 2024లో మన దేశం అనుమతించిన కొత్త విధానం ఆ చికిత్సను చాలామందికి ఆరు నెలలకు కుదించింది గానీ, అంతకుముందు అది తొమ్మిది నెలల నుండి 20 నెలలదాకా సాగేది. మొండి క్షయ సోకినవాని ఇంట్లోని పసిపిల్లలకు సోకేదీ ఆ మొండి క్షయే.

ఇంకొక సంగతి. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. అది మందు రంగే, ప్రమాదం లేదు. కానీ ఆ మాట ముందుగా ఎవరూ చెప్పకపోతే, రక్తం పోతోందని భయపడి మందు ఆపేయడంలో వింతేముంది? అలాగే కడుపులో వికారం, అరికాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. వీటికి వైద్యుడు విరుగుడు చెప్పగలడు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా మాత్రం ఆ రోజే దవాఖానకు వెళ్లాలి. సారా తాగేవారికి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. ఇదంతా మొదటిరోజే, రోగికి తెలిసిన మాటల్లో, తొందర లేకుండా చెప్పవలసిన విషయం. అర నిమిషంలో చీటీ చేతిలో పెట్టి పంపితే, ఆ చీటీ చెప్పని ప్రతి సంగతినీ భయమే చెబుతుంది.

మాట విననివారు ఎవరు?

మందు మానేసినవారిని గురించి మనం తేలికగా ఒక మాట అనేస్తాము: చదువు లేదు, చెబితే వినరు. అడవివారి గురించైతే ఇంకా తేలికగా అంటాము. ఇది అన్యాయమైన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఈ విషయంపైనే ఒక పెద్ద నివేదిక వెలువరించింది. సంపన్న దేశాల్లో సైతం, రక్తపోటు, మధుమేహం వంటి దీర్ఘకాల జబ్బులున్నవారిలో సుమారు సగం మందే వైద్యుడు చెప్పినట్టు మందులు వాడుతున్నారని అందులో తేలింది. తప్పంతా రోగి మీద వేయడం సరికాదని, రోగితోపాటు జబ్బు తీరు, మందు తీరు, వైద్య వ్యవస్థ, ఇంటి ఆర్థిక పరిస్థితి కలిసి దీన్ని నిర్ణయిస్తాయని ఆ నివేదిక చెప్పింది. పెంటలోని తమ్ముడు మందు మరిచిపోతే అజ్ఞానం, పట్నంలోని మన సంఘపెద్ద బీపీ గోలీ మానేస్తే మతిమరుపు అని రెండు తూకాలు పెట్టడం మనకు తగదు.

మనిషి మనసు ఆరోగ్యం విషయంలో ఎలా నడుస్తుందో పరిశీలించే శాస్త్రం ఒకటి ఉంది. అందులో ఎంతో పేరున్న ఒక సిద్ధాంతానికి క్షయ పరీక్షలే మూలం. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖవారు ఛాతీ ఎక్స్‌రేలు సులువుగా తీయించుకునే ఏర్పాటు చేసినా చాలామంది రాలేదు. ఎందుకని గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ అనే పరిశోధకుడు ఆరా తీశాడు. ఈ జబ్బు తనకు కూడా రావచ్చని, ముందుగా కనిపెడితే మేలు జరుగుతుందని, రెండూ నమ్మినవారిలో 82 శాతం మంది తమంతట తాము ఎక్స్‌రే తీయించుకున్నారు. ఆ రెంటిలో ఏదీ నమ్మనివారిలో 21 శాతమే తీయించుకున్నారు. తరువాతి పరిశోధకులు దీనికి మరికొన్ని కలిపారు. మందు అవసరం ఎంత, మందు వల్ల భయం ఎంత అని మనిషి లోపల తూచుకుంటాడు. ఇది నా చేత అవుతుందా అని తనను తాను అడుగుతాడు. నా వాళ్లు ఏమంటారో అని చుట్టూ చూస్తాడు.

ఈ నాలుగు ప్రశ్నలను అమ్రాబాద్‌కు తెచ్చి చూడండి. దగ్గు తగ్గినవానికి మందు అవసరం కనబడదు. రంగు మారిన మూత్రం భయం పెంచుతుంది. రోజు కూలి పోగొట్టుకుని, ఆటో చార్జీ పెట్టి, మందు అయిపోయిన ప్రతిసారీ దవాఖానకు వెళ్లడం నా చేత కాదనిపిస్తుంది. టీబీ అని తెలిస్తే బిడ్డ పెళ్లి ఆగిపోతుందన్న బెంగ నోరు మూయిస్తుంది. ఈ తూకంలో మందు ఓడిపోతే మనిషి మొండివాడని కాదు. మందు వైపు పళ్లెంలో మనం ఏమీ వేయలేదని.

వేదికమీది మాట

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. పల్లెలో వైద్యుని మాటకన్నా, నర్సమ్మ మాటకన్నా పాస్టరుగారి మాటకు బరువెక్కువ. అది దేవుడు అప్పగించిన నమ్మకం. ఆ నమ్మకాన్ని పట్టుకుని ఒక స్వస్థత కూటంలో, నీవు బాగయ్యావు, గోలీలు పారేయి, లేకపోతే అది అవిశ్వాసం అని ఎవరైనా చెబితే, ఆ మాట మనిషి ప్రాణం తీయగలదు. క్షయ రోగి విషయంలో ఇంటిల్లిపాదినీ ప్రమాదంలో పడేయగలదు. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారు, మూర్ఛకు మందు వాడేవారు, హెచ్ఐవి మందులు వాడేవారు కూడా ఇలాంటి మాటలకు బలయ్యే ప్రమాదంలో ఉన్నవారే. మేము స్పష్టంగా చెబుతున్నాము: వైద్యుడు మొదలుపెట్టిన మందును ఆపే అధికారం ప్రసంగ వేదికకు లేదు.

దేవుడు స్వస్థపరచడా? స్వస్థపరుస్తాడు. ఆ విశ్వాసాన్ని మేము ఒక్క అంగుళమైనా వదలము. అయితే లేఖనం ఆ స్వస్థతను ఎలా చూపిస్తుందో శ్రద్ధగా చదవాలి. మరణపడకమీద ఉన్న హిజ్కియాకు దేవుడు ఆయుష్షు పొడిగించాడు. అదే ఘడియలో యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టించాడు. వాగ్దానం వచ్చింది కదా అని పట్టీ అక్కరలేదనలేదు. పౌలు తరచుగా జబ్బుపడే తిమోతికి కడుపు బాగుకోసం ఏమి తీసుకోవాలో చెప్పాడు. నీ విశ్వాసం చాలలేదని గద్దించలేదు. పౌలుకు తోడుగా నడిచిన లూకా వైద్యుడు. తన స్వస్థతలను సాక్ష్యంగా చెప్పుకునే ముందు, ప్రభువు పదిమంది కుష్ఠరోగులను యాజకుల దగ్గరకు పంపాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ జబ్బును పరీక్షించి పోయిందో లేదో తేల్చవలసినవారు యాజకులే. ఈనాటి మాటలో చెప్పాలంటే, సాక్ష్యానికి ముందు గల్ల పరీక్ష.

రాజైన ఆసా సంగతిని కొందరు వైద్యులకు వ్యతిరేకంగా ఎత్తిచూపుతారు. రెండవ దినవృత్తాంతాల గ్రంథం 16వ అధ్యాయాన్ని మొదటినుండి చదివితే, ఆ రాజు తప్పు వైద్యుని దగ్గరకు వెళ్లడంలో లేదు. యుద్ధంలోనూ జబ్బులోనూ దేవుని వైపు చూడకుండా ఉండిపోవడంలో ఉంది. దేవుణ్ణి వేడుకుంటూ వైద్యుని మాట వినేవాడు ఆసా దోవలో నడిచేవాడు కాదు.

నయమాను కథలో మన ప్రశ్నకు మరింత దగ్గరి జవాబు ఉంది. అతడు సిరియా సేనాధిపతి. ప్రవక్త బయటకు వచ్చి, చేయి ఆడించి, ఒక్కసారిగా బాగుచేస్తాడని ఎదురుచూశాడు. ఎలీషా బయటకు రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునుగమని కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. అతని అభ్యంతరం స్వస్థత మీద కాదు, ఆ పద్ధతి మీద. అంత మామూలు పని, అన్నిసార్లు, ఆ నదిలోనా? మన కూటాలలోనూ అదే తొందర. ఒక్కరాత్రి అద్భుతం కావాలి, 180 రోజుల గోలీ వద్దు.

ఆ కథలో స్వస్థత ఎవరి చేతుల మీదుగా నడిచిందో చూడండి. మొదట దారి చెప్పింది బందీగా తెచ్చిన ఒక చిన్న పిల్ల. కోపంతో వెనుదిరిగినవానిని మళ్లించింది అతని సేవకులు. వారు ఎగతాళి చేయలేదు, బెదిరించలేదు. తండ్రిలా పిలిచి, కష్టమైన పని చెప్పి ఉంటే చేసేవాడివి గదా, ఇది చేయడానికేమి అని నెమ్మదిగా ఆలోచింపజేశారు. అతడు మునిగాడు. ఆరవ మునకకు చర్మం మారినట్టు లేఖనం ఎక్కడా చెప్పదు. ఏడవదాకా వెళ్లిన తరువాతే శుద్ధుడయ్యాడు. మూడో నెలలో విసిగిన రోగి పక్కన నిలబడవలసింది ఆ సేవకుల వంటివారే.

సంఘం చేయగలిగింది

చికిత్స ఇంటికి వచ్చిన నాటినుండే ఈ బాధ్యత ఇరుగుపొరుగుది అయింది. 1956లో మద్రాసులో మొదలైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో 193 మంది క్షయ రోగులలో కొందరిని ఆసుపత్రిలో ఉంచి, మిగతావారికి తమ పేద ఇళ్లలోనే మందు ఇచ్చారు. ఇంటి చికిత్స దాదాపు అంతే ఫలితమిచ్చిందని 1959లో ప్రకటించారు. ఆసుపత్రిలోనైతే మందు వేసే నర్సు ఉంటుంది. ఇంట్లో ఆ పని ఎవరిది? అందుకే మందు వేసుకుంటుంటే పక్కన ఒకరు చూసే పద్ధతి వచ్చింది. ఆ ఒక్కరు మన సంఘం నుండి ఎందుకు రాకూడదు?

మొదటిది, తోడు. ఆశా కార్యకర్తతో మాట్లాడి, రోగి ఒప్పుకుంటే, స్త్రీల సమాజం నుండో యౌవనస్థులనుండో ఒకరు రోజూ ఒక నిర్ణీత వేళకు పలకరించాలి. ఉదయ ప్రార్థన తరువాత గోలీ అని రోజువారీ అలవాటుకు ముడివేస్తే మరపు తగ్గుతుంది. ఒకరోజు తప్పితే తిట్టవద్దు. ఎందుకు తప్పిందో అడిగి, ఆశా కార్యకర్తకు చెప్పాలి.

రెండవది, అన్నం. ఝార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోగి కుటుంబానికి తిండి గింజలు ఇచ్చినప్పుడు, ఆ ఇంట్లో మిగతావారికి క్షయ రావడం 39 శాతం తగ్గింది. 2022 నుండి ప్రభుత్వం నిక్షయ్ మిత్ర అన్న ఏర్పాటు చేసింది. వ్యక్తులైనా, సంస్థలైనా ఒక రోగిని దత్తత తీసుకుని కనీసం ఆరు నెలలు ఆహార సామగ్రి ఇవ్వవచ్చు. కోతకాలపు కానుకల పండుగలో బియ్యం, కందిపప్పు, పల్లీలు తెచ్చే సంఘాలకు ఇది మోయలేని భారం కాదు. రోగి మన సంఘంవాడా కాదా అని చూడవద్దు. మంచి సమరయుడు గాయపడినవాని కులగోత్రాలు అడగలేదు. నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టి అంతటితో వెళ్లిపోలేదు. సత్రంలో పెట్టి, ఖర్చు ఇచ్చి, తిరిగి వచ్చి చూస్తానన్నాడు. ఆ తిరిగి రావడమే ఆరు నెలల చికిత్సకు ప్రాణం.

మూడవది, సిగ్గు తీసేయడం. క్షయ గాలిలో వ్యాపిస్తుంది. కంచం, గ్లాసు, బట్టల వల్ల రాదు. సరైన మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే చాలామందిలో ఇతరులకు సోకే గుణం బాగా తగ్గిపోతుంది. అంతవరకు నోటికి గుడ్డ కట్టుకుని, గాలి ఆడేచోట కూర్చుంటే చాలు. ఆ తరువాత కూడా మందిరంలో చివర కూర్చోబెట్టి, విందులో వేరే విస్తరి వేస్తే, రెండవ రోగి తన దగ్గును దాచుకుంటాడు. దాచుకున్న దగ్గే ఊరంతా పాకుతుంది.

నాలుగవది, వలస. పనికి వెళ్లేముందు రోగి దవాఖానలో చెబితే, నిక్షయ్ సంఖ్య ఆధారంగా చేరుకున్న ఊరి ప్రభుత్వ కేంద్రానికి చికిత్సను బదిలీ చేస్తారు. ముంబయి, పుణే తెలుగు సంఘాలకు మన పాస్టర్లు ఒక ఫోను చేసి, ఫలానా సహోదరుడు వస్తున్నాడు, దవాఖాన దారి చూపండి అని చెప్పగలరు. రోగి అనుమతి లేకుండా మాత్రం అతని జబ్బు పేరు ఎవరికీ చెప్పకూడదు. ప్రార్థన మనవుల్లో కూడా చెప్పకూడదు.

ఐదవది, ఉపవాసం. శ్రమకాలంలో మందులు వాడేవారు, గర్భిణులు, మధుమేహం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఉపవాసం చేయవద్దని ప్రతి కాపరీ ప్రకటించాలి. గోలీ మానడం ఉపవాసం కాదు.

అయితే అంతా సంఘాల మీద పెట్టి అధికారులను విడిచిపెట్టలేము. మందుల సరఫరా ఆగకూడదు. పోషణ సాయం ఆలస్యం లేకుండా ఖాతాలో పడాలి. 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ కింద సంచార వైద్య వాహనాలు చెప్పిన రోజున పెంటలకు చేరాలి. చెంచు యువతీ యువకులనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దితే, వైద్యుని మాట వారి సొంత పలుకుబడిలో వారి గుడిసెకు చేరుతుంది. బండి రాని నెలలో మందు మానేసినవాణ్ణి మాట విననివాడని రాసుకునే హక్కు ఎవరికీ లేదు.

ఈ వారం ప్రతి సంఘమూ ఒక చిన్న పని చేయాలని కోరుతున్నాము. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, గల్లలో రక్తం ఉన్నవారు గల్ల పరీక్షకు వెళ్లాలని ఆదివారం ఆరాధనలో ప్రకటించండి. వారితోపాటు దవాఖానదాకా ఒకరిని పంపండి. రోగి తలమీద చేయి ఉంచి ప్రార్థించండి. అదే చేతితో గోలీ, మంచినీళ్ల గ్లాసు అందించండి. రేపు కూడా వెళ్లండి. ఆరవ నెల చివర పరీక్ష చేసి వైద్యుడు నయమైందని చెప్పిన రోజున, ఆ సహోదరుణ్ణి ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పనివ్వండి. ఆ సాక్ష్యం విన్నవారిలో తన దగ్గును దాచుకుంటున్నవారు ఒక్కరైనా ఉంటే, మరుసటి ఉదయం వారు దవాఖాన దారి పడతారు.